ఇరవైమూడు వాటాల మేకపోతు

సరుకుల బండిలో మనుషులు ఎక్కకూడదన్న చట్టం చాలా మంచి చట్టమని నేను ముందే ఒప్పుకుంటున్నాను. తర్వాత చెప్పబోయేదంతా విని, ఈ నాంచారమ్మకి చట్టమంటే గౌరవం లేదని ఎవరైనా అనుకుంటారేమోనని ముందే చెబుతున్నాను. గౌరవం లేకపోవడమేమిటి? మా దొండవాగులో మేకకి కూడా చట్టం నేర్పించాం.

నేను దొండవాగు ఆడవాళ్ళ ముఠాకి మేస్త్రిని. మిరపకాయల కోతలకి ఇరవైరెండు మందిమి కలిసి పోతాం. ఏ ఆసామి చేలో ఎప్పుడు దిగాలో మాట్లాడేది నేనే, సాలు మధ్యలో కబుర్లు పెట్టుకున్నవాళ్ళని కేకలేసేది నేనే, ఊరి తరఫున అర్జీలు రాసేదీ నేనే. పదో తరగతి దాకా చదివిన పాపం ఇంకా నన్ను వదల్లేదు. చేలున్న ఉప్పలకంచె మాకు పద్దెనిమిది కిలోమీటర్లు. మా ఊరికి బస్సు లేదు. సరుకులు తోలే మా ఊరి బాజీ ట్రాలీ ఉంది. తెల్లారగానే అందులో ఎక్కి, ఒకరి మోకాళ్ళ మధ్య ఒకరం ఇరుక్కుని పోతాం, పొద్దుగూకే వేళకి అట్లాగే వస్తాం.

పోయినేడు కోతల్లో కాలవ మలుపు దగ్గర ఆ ట్రాలీ వెనక తలుపు గొళ్ళెం ఊడింది. తలుపుకి ఆనుకుని కూర్చున్నది మా చెల్లెలు సైదమ్మ. రోడ్డు మీద పడింది. ప్రాణం దక్కింది గానీ కాలికి రాడ్లు వేశారు. ఇప్పుడు నడుస్తుంది, చేలోకి దించితే నాకన్నా ముందు సాలు దాటుతుంది. కానీ రొమ్మెత్తు ట్రాలీలోకి ఎగబాకడం, దూకడం ఇక కుదరదని డాక్టరు చెప్పాడు. "మెట్లుంటే ఎక్కొచ్చు" అన్నాడు. మెట్లుండేది బస్సుకి. ముఠాలో పాట ఎత్తుకునేదే సైదమ్మ. అది ఏడాదిగా అరుగు మీద కూర్చుని, మేం పోతుంటే చెయ్యి ఊపుతోంది. "అక్కా, ఎట్టాగైనా బస్సు తెప్పియ్యవే" అని రోజూ అదే మాట.

నేను అర్జీ పెట్టాను. మొదటిది కాదు, పదేళ్ళుగా పెడుతూనే ఉన్నాను. ఈసారి డిపో వారు దయతలచి సర్వేకి ఒకాయనని పంపారు. ఆయన పదింటికి వచ్చాడు. అప్పటికి మేం చేలల్లో ఉన్నాం. ఆయన రోడ్డు పక్కన గంటసేపు నిలబడి, ఎవరూ బస్సు కోసం వేచి ఉండటం లేదని రాసుకున్నాడు.

"బస్సే లేకపోతే ఎవరు నిలబడతారు సారూ?" అని సైదమ్మ అరుగు మీంచి అడిగిందట.

"బస్సు లేనప్పుడే ఎవరూ లేరు. ఉంటే వస్తారని గ్యారంటీ ఏమిటమ్మా?" అన్నాడట ఆయన. "సదరు గ్రామమునందు ప్రయాణికుల రద్దీ శూన్యము" అని జవాబు కాగితం వచ్చింది. దాన్ని పాత కాగితాల పక్కనే మేకుకి గుచ్చాను.

ఇంతలో రోడ్డు భద్రతా మాసోత్సవాలు వచ్చాయి. కాలవ మలుపు దగ్గర బ్యానరు కట్టారు, బల్ల వేశారు, బల్ల మీద గులాబీలు పెట్టారు. బ్రేకినస్పెక్టరు భానుమూర్తి గారు చెయ్యెత్తి మా ట్రాలీ ఆపారు. భానుమూర్తి గారు చాలా నిజాయితీపరుడు. ఎవరి దగ్గరా చెయ్యి చాచడు. చాచే మనిషైతే ఈ కథ అక్కడే అయిపోయేది.

ముందుగా మా ఇరవైరెండు మందికీ తలా ఒక గులాబీ ఇచ్చారు. ఫోటో తీశారు. తర్వాత దిగమన్నారు.

"చూడండమ్మా, ఇది సరుకు రవాణా వాహనం. ఇందులో సరుకు ఉండవచ్చును. సరుకుకు తోడుగా సరుకు యజమాని ఉండవచ్చును. సరుకు లేనిదే మనిషి ఉండరాదు. ఇది మీ ప్రాణముల రక్షణార్థం చేయబడిన నిబంధన."

"మరి మేం చేలోకి ఎట్టా పోవాల సారూ?" అన్నాను.

"ప్రయాణికుల వాహనంలో వెళ్ళవలెను."

"అది మా ఊరికి రాదు సారూ."

"అది మా శాఖ కాదమ్మా" అన్నారు ఆయన ఎంతో బాధగా.

మా ఆదెమ్మ అన్నం క్యారేజీ పైకెత్తి చూపించింది. "ఇదిగో సరుకు! దీనికి నేను యజమానిని."

భానుమూర్తి గారు క్యారేజీ మూత తీయించి చూశారు. గోంగూర పచ్చడి, అన్నం. "ఇది సరుకు నిర్వచనంలోకి రాదు. సొంత వినియోగం" అన్నారు. ఆ రోజు అక్కణ్ణుంచి మిగిలిన పన్నెండు కిలోమీటర్లూ నడిచి, చేలోకి చేరేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది. ఆసామి కేకలు నేను పడ్డాను. గులాబీలు దారిలోనే వాడిపోయాయి.

ఆ సాయంత్రం పాకలో మా మేకపోతు అరిచింది. అప్పుడు వెలిగింది నాకు.

మా ముఠాలో ఒక ఆచారం ఉంది. కోతల మొదట్లోనే అందరం కలిసి ఒక మేకపోతును వాటాల మీద కొంటాం. మేపుతాం. కోతలు ముగిసే ముందు ఆదివారం దాన్ని కోయించి, ఇరవైరెండు పోగులు వేసుకుంటాం. పోగుల్లో ఇసుమంత తేడా వచ్చినా యుద్ధం జరుగుద్ది. తలకాయ ఒక్కటే ఎవరి వాటాలోకీ రాదు, దాన్ని విడిగా వేలంపాట పెడతాం. ఈసారి కొన్న పోతు నల్లది, చెవి మీద తెల్లమచ్చ, పొగరు చూపు.

మర్నాడు దాన్ని ట్రాలీలో ఎక్కించాం. కాలవ మలుపు దగ్గర భానుమూర్తి గారు చెయ్యెత్తారు.

"సరుకు?"

"మేకపోతు సారూ."

"యజమాని ఎవరు?"

ఇరవైరెండు చేతులు లేచాయి.

భానుమూర్తి గారు పుస్తకం తెరిచారు. సరుకుకు యజమాని ఉండవచ్చునని ఉంది. యజమానులు ఎంతమంది ఉండరాదో ఎక్కడా లేదు. ఆయన ముఖం చూస్తే నిజంగా జాలేసింది. నిబంధన లేని చోట ఆయన నీళ్ళలోంచి తీసిన చేపలా అయిపోతారు.

"ఒక్క మేకకు ఇరవైరెండు మంది యజమానులు ఎట్లా సాధ్యం?"

"వాటాల మేక సారూ. సమాన వాటాలు. కావాలంటే పోగులు వేసేటప్పుడు వచ్చి చూడండి, మీక్కూడా భోజనం పెడతాం."

"తలకాయ?" అని అడిగాడు పక్కనున్న గుమాస్తా. మాంసం తెలిసిన మనిషి లెండి.

"అది పాట ఇంకా పెట్టలేదయ్యా."

భానుమూర్తి గారు కాగితం మీద రాయించుకున్నారు: "సరుకు – మేకపోతు ఒకటి. యజమానులు – ఇరవైరెండు. తలకాయ యాజమాన్యం – పెండింగు." మాకు పచ్చ కాగితం ఇచ్చి పంపించారు. ఆ రోజు నుంచి మా పోతు పేరు పర్మిట్. "పర్మిట్‌కి మేత వేశారా?", "పర్మిట్‌కి జలుబు చేసిందే" అనుకుంటూ, పొద్దున్నే మేం నీళ్ళు తాగకపోయినా దానికి తాగించి మరీ బయలుదేరేవాళ్ళం.

వారం గడిచింది. చట్టం ఊరికే కూర్చుంటుందా? బండిలో పశువు ఉంది కాబట్టి పశువుల రవాణా నిబంధనలు వర్తిస్తాయని భానుమూర్తి గారికి అనుమానం వచ్చింది. ఆయనకి అనుమానం వస్తే మాకు డాక్టరమ్మ వస్తుంది. మండలం పశువుల డాక్టరమ్మ కాలవ మలుపుకే వచ్చింది. పర్మిట్ కళ్ళు చూసింది, నాలుక చూసింది, గుండె విన్నది. తర్వాత ట్రాలీ చూసి కెవ్వుమంది.

"ఇదేం బండండీ! నీడ లేదు. పక్కల కటకటాలు లేవు. కింద జారకుండా గడ్డి పరుపు లేదు. ఇంత ఎత్తుకి మేకను చేతుల్తో ఎత్తి పడేస్తున్నారా? నోరులేని జీవం కదమ్మా! మలుపులో పడిపోతే?"

"పడిపోయింది మేడమ్" అన్నాను. "పోయినేడు."

"అయ్యయ్యో! మేకా?"

"కాదు మేడమ్. మా చెల్లెలు."

"ఓ" అని డాక్టరమ్మ కాగితం మీద రాయడం మొదలుపెట్టింది. ఎండ తగలకుండా పైన టార్పాలిన్ కప్పు. నడుం ఎత్తు ఇనుప కటకటాలు. మెత్తటి వరిగడ్డి. తాగునీళ్ళు. మందుల పెట్టె. వెనక తలుపుకి రెండు గొళ్ళేలు. మలుపుల్లో నెమ్మది. ఎక్కడానికీ దిగడానికీ వాలు చెక్క. ఇవేవీ లేకపోతే పచ్చ కాగితం రద్దు.

బాజీ సంగతి చెప్పాలి. సైదమ్మ పడ్డాక గొళ్ళెం మార్పించవయ్యా అని నేను ఏడాదిగా వాడి చెవిలో జోరీగలా తిరుగుతున్నాను. "మార్పిస్తాలే వదినా" అని నవ్వేవాడు. ఇప్పుడు కాగితం రద్దవుద్దనగానే మూడు రోజుల్లో అన్నీ చేయించుకొచ్చాడు. రెండు గొళ్ళేలు అడిగితే మూడు వేయించాడు. "మూగజీవం కదా వదినా" అన్నాడు. దాని నోరు కాదు గానీ, నా నోరు మూగబోయింది ఆ పూట.

ఏమైతేనేం, మేక చల్లని నీడన మేమూ కూర్చున్నాం. మేక గడ్డి మీద మేమూ కాళ్ళు చాపుకున్నాం. కాలవ మలుపులో మేక కోసం బండి నెమ్మదిగా తిరిగితే మా గుండెలూ నెమ్మదిగా కొట్టుకున్నాయి. ఎవరి అదృష్టం ఎవరికి అంటుకుంటుందో చెప్పలేం.

ఆ వాలు చెక్కను సైదమ్మ అరుగు మీంచి రెండు రోజులు తేరిపార చూసింది. మూడో రోజు పొద్దున చీర కుచ్చిళ్ళు దోపుకుని, అన్నం క్యారేజీ పట్టుకుని వచ్చి నిలబడింది.

"అక్కా, మేక ఎక్కే దారిన నేనెక్కితే ఏమంటారే?"

"ఏమంటారో ఎక్కాక చూద్దాం. పద" అన్నాను.

పర్మిట్ ముందు నడిచింది, దాని మెడ తాడు పట్టుకుని సైదమ్మ వెనక నడిచింది. గడ్డి మీద కూర్చుని, ఏడాది తర్వాత పాట ఎత్తుకుంది. మేం వంత పాడటం మరిచి దాన్నే చూస్తూ కూర్చున్నాం. పర్మిట్ ఒక్కటే అరిచింది.

కాలవ మలుపు దగ్గర భానుమూర్తి గారు వేలు పెట్టి లెక్కపెట్టారు. "ఇరవైమూడు! ఈమె ఎవరు? వాటా ఉన్నదా?"

సైదమ్మకి వాటా లేదు. కోతలకి రానిది వాటా ఎట్లా వేస్తుంది? దాని మొహం పాలిపోయింది. క్యారేజీని కడుపుకి అదుముకుని, దిగడానికి చెక్క వైపు చూసింది.

"తలకాయ!" అని అరిచాను. "తలకాయ యాజమాన్యం పెండింగులో ఉంది గదా సారూ! తలకాయ మా చెల్లెలిది. పాట లేకుండానే ఇచ్చేశాం. అవునా కాదా!" అని ముఠా వైపు తిరిగాను.

"అవును" అన్నారందరూ. తలకాయ పులుసంటే ప్రాణం విడిచే ఆదెమ్మ కాస్త ఆలస్యంగా అన్నది.

"పెండింగు పరిష్కరించబడినది" అని భానుమూర్తి గారు సంతోషంగా రాసుకున్నారు. పెండింగు అన్న మాట కొట్టేసేటప్పుడు ఆయన ముఖంలో వచ్చే వెలుగు చూడాలి.

మళ్ళీ పది రోజులు గడిచాయి. డాక్టరమ్మ తనిఖీకి వచ్చి పర్మిట్‌ని తూచింది. రెండు కిలోలు తగ్గింది. తగ్గదా మరి? రోజూ ముప్పైఆరు కిలోమీటర్లు తిరిగితే ఎవరైనా తగ్గుతారు. మేమూ తగ్గాం, మమ్మల్ని ఎవరూ తూచలేదు.

"కారణం స్పష్టంగా ఉంది" అన్నది డాక్టరమ్మ. "ఒక్క మేక ఉన్నచోట ఇరవైమూడు మంది మనుషుల్ని కుక్కారు. దీనికి ఊపిరాడుతుందా? పాటలు కూడా పాడుతున్నారట! పశువుకి ఎంత ఒత్తిడి! సాటి జీవాన్ని ఇట్లా ఇరికించి తీసుకెళ్ళడం అమానుషం."

అమానుషం అన్న మాట మా ట్రాలీ గురించి ఒక అధికారి నోట వినడానికి పదేళ్ళు పట్టింది. కళ్ళు తుడుచుకున్నాను. మేక కోసమైతేనేం.

ఇప్పుడు భానుమూర్తి గారికి పెద్ద చిక్కు వచ్చిపడింది. యజమానులు బండిలో ఉంటే మేకకు హింస. యజమానులు తోడు లేకపోతే మేక ఒంటరి, అదీ హింసే. ఆయన రెండు రోజులు ఆఫీసు తలుపులు వేసుకుని ఆలోచించారట. మూడో రోజు డిపో మేనేజరుకి ఉత్తరం రాశారు. నకలు నాకూ ఇచ్చారు కాబట్టి అక్షరం పొల్లుపోకుండా చెబుతాను.

"విషయం: దొండవాగు గ్రామమునకు చెందిన మేకపోతు యొక్క ప్రయాణ సౌకర్యము. సదరు మేకకు ఊపిరాడు నిమిత్తం దాని యజమానులను వేరొక వాహనమునందు, మేకకు కనుచూపు మేరలో తరలించుట అత్యవసరమైయున్నది. కావున యజమానుల అనుసరణ నిమిత్తం ఒక బస్సు ఏర్పాటు చేయవలసినదిగా కోరడమైనది."

మనుషుల కోసం రాసిన అర్జీలకి డిపోలో పదేళ్ళు పట్టింది. దీనికి నాలుగు రోజులు. మూగజీవాల సంక్షేమం మీద పై నుంచి వారం వారం సమీక్ష ఉంటుందట, అందులో దొండవాగు పేరు ఎర్రగా కనపడకూడదట. ఐదో రోజు తెల్లవారుజామున మా ఊళ్ళోకి నిజమైన బస్సు వచ్చింది. నెత్తిన బోర్డు: "మేక అనుసరణ ప్రత్యేకం". కింద చిన్న అక్షరాలతో: "కోతలు ముగియు వరకు, సదరు మేక జీవించియున్నంత కాలం".

సైదమ్మ మొదటి మెట్టు మీద కాలు పెట్టింది. రెండో కాలు పెట్టింది. మూడో మెట్టు మీద ఆగి, కమ్మీ పట్టుకుని వెనక్కి తిరిగింది. "ఎక్కానే అక్కా" అన్నది, నేను చూడనట్టు. కిటికీ పక్కన కూర్చుంది. మా ముందు ట్రాలీలో, టార్పాలిన్ నీడన, పరుపు గడ్డి మీద పర్మిట్ ఒక్కటే రాజాలా పోతోంది. కండక్టరు టికెట్లు కొడుతూ, అద్దంలోంచి మేక కనపడుతోందో లేదో చూసుకుంటున్నాడు. కనపడకపోతే రిపోర్టు రాయాలట.

సుఖంగా ఉన్నప్పుడే నాలుక గుర్తొస్తుంది. కోతలు ముగిసే ముందు ఆదివారం దగ్గరపడింది. ఆదెమ్మకి అల్లుడు వచ్చాడు. "నా వాటా నాకియ్యండి. బస్సు కోసం అల్లుడికి తోటకూర పెట్టమంటారా?" అన్నది. మొదట ఆదెమ్మ ఒక్కతే. ఎవరింట్లోనో మసాలా నూరిన వాసన వచ్చేసరికి పన్నెండు మందయ్యారు. ఇంకా వారం పదిరోజులే గదా కోతలు, ఆ నాలుగు రోజులు నడుద్దాం అన్నారు. మాంసం కొట్టే సుభానీ కత్తి పట్టుకుని రానే వచ్చాడు. పంచాయితీ పెడితే ఎక్కువమంది కోయమన్నారు. మేస్త్రిని నేనైనా వాటాల దగ్గర మేస్త్రితనం చెల్లదు.

అప్పుడు సైదమ్మ పర్మిట్ మెడ చుట్టూ చేతులు వేసి కూర్చుంది.

"మీ వాటాలు మీరు కోసుకోండి. తలకాయ నాది, నేనియ్యను. రికార్డులో ఉంది. నా తలకాయ బతికే ఉండాల."

సుభానీ కత్తి దించి, నా వైపు చూశాడు. "అట్టా ఎట్టా కొయ్యాల నాంచారక్కా? నాకా విద్య రాదు."

"ఏడాది అరుగు మీద కూర్చున్నానే!" అన్నది సైదమ్మ. "మీరు పోతా ఉంటే చెయ్యి ఊపి ఊపి నా చెయ్యి పడిపోయింది. సాయంత్రం మీరొచ్చి చేలో కబుర్లు చెప్తంటే నవ్వేదాన్ని, మీరు పోయాక ఏడ్చేదాన్ని. మళ్ళీ ఆ అరుగు మీదకి నేను పోను. నన్ను కూడా కోసెయ్యండి కావాలంటే."

ఆదెమ్మే ముందు లేచింది. కొంగుతో ముక్కు చీదుకుని, "చాల్లే ఊరుకోవే. మా అల్లుడికి కోడి ఉంది. ఆ సచ్చినోడు ఎట్టాగూ పళ్ళ నొప్పంటున్నాడు" అన్నది. సుభానీ టీ తాగి వెళ్ళిపోయాడు. విషయం తెలిసి భానుమూర్తి గారు ముందుజాగ్రత్తగా ఒక కాగితం కూడా పంపారు: "తలకాయ యజమాని లిఖితపూర్వక సమ్మతి లేనిదే మిగతా భాగములను వేరుచేయరాదు."

కోతలు ముగిశాయి. ఉత్తర్వు ప్రకారం బస్సూ ఆగింది. ఉపాధి పని, ఆసుపత్రి, సంత, అన్నీ మళ్ళీ మొదటికొచ్చాయి. సైదమ్మ అరుగు మీదకి పోలేదు గానీ, అరుగు వైపు చూడటం మొదలుపెట్టింది. ఆ చూపు నేను భరించలేకపోయాను. కాగితం తీసుకుని మళ్ళీ అర్జీ రాశాను. దొండవాగుకి బస్సు శాశ్వతంగా వేయవలసినదని. కింద ఎప్పటిలాగే ఇరవైమూడు సంతకాలు పెట్టబోయి ఆగాను. పదేళ్ళ నుంచి ఆ సంతకాలు పెడుతూనే ఉన్నాం గదా. పర్మిట్‌ని పట్టుకొచ్చి, కుడి ముందుకాలి గిట్టని సిరాలో ముంచి, ఒక్క ముద్ర వేయించి, పక్కన పర్మిట్ అని పేరు రాశాను.

వారంలో సర్వే ఆయన వచ్చాడు. మళ్ళీ పదింటికే. అందరం ఉపాధి పనిలో ఉన్నాం. ఆయన రోడ్డు పక్కన గంటసేపు నిలబడ్డాడు. బస్సు ఆగే చోట వేపచెట్టుకి కట్టేసి ఉన్న పర్మిట్ కూడా గంటసేపు నిలబడింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారట. సైదమ్మ గుమ్మంలోంచి చూసింది, ఈసారి ఏమీ అడగలేదు.

నాలుగో రోజు జవాబు వచ్చింది. "సదరు గ్రామమునందు ఒకరు గంటకు పైగా ఓపికతో వేచియుండుట మా సిబ్బంది స్వయముగా గమనించిరి. రద్దీ నిర్ధారించబడినది. బస్సు శాశ్వత ప్రాతిపదికన మంజూరు చేయడమైనది."

కవరు మీద పర్మిట్ పేరు చూసి పోస్టుమాన్ ఎవరికివ్వాలో తెలియక నిలబడ్డాడు. సైదమ్మ వెళ్ళి, తలకాయ యజమానిగా సంతకం పెట్టి తీసుకుంది.